జడపిల్ల కోసం మొక్కు

కేబుల్ వాడంటే అందరికీ లోకువే. బొమ్మ బాగా వస్తే టీవీ మంచిదంటారు, రాకపోతే ఆదాము గాడి వైరు పనికిమాలిందంటారు. ఖానాపురం హవేలిలో నేను డిష్ పెట్టిన కొత్తలో, అంటే తొంభై మూడులో, సినిమా మధ్యలో కరెంటు పోయినా నన్నే తిట్టేవాళ్లు. నాకూ కోపం ముక్కు మీదే ఉండేది. నిచ్చెన భుజాన వేసుకుని, ఒక్కో గేటు ముందు ఒక్కో గొడవ పెట్టుకుంటూ తిరిగేవాణ్ణి. ఆ కాలనీ మొత్తంలో నన్ను లోపలికి పిలిచి, కుర్చీ వేసి, మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, ఆ తర్వాత తాపీగా తిట్టిన మనిషి సుబ్బరత్నం ఒక్కతే. నేను ఆమెను పెద్దమ్మా అనేవాణ్ణి.

పెద్దమ్మ పుట్టింది మధిర దగ్గర పల్లెలో. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు కుటుంబం. పెళ్లయ్యాక, డెబ్బైల మొదట్లో, భర్త వెంకటనారాయణతో కలిసి టేకులపల్లి దగ్గర అడవి అంచుకు వెళ్లింది. అక్కడ కౌలుకు తీసుకుని పత్తి, మిరప వేశారు. పిల్లలు పుట్టలేదు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ దాచలేదు, దాని గురించి ఏడవనూ లేదు. "పుట్టినవాళ్లందరూ నావాళ్లే అనుకున్నా, పనైపోయింది" అనేది. మోకాళ్లు అరిగిపోయి, పొలం పని ఇక చేతకాదనుకున్నాక ఖమ్మం వచ్చి ఖానాపురం హవేలిలో ఇల్లు కట్టుకున్నారు.

ఆమెకు ఒక అలవాటుండేది. ఎవరి కష్టం కళ్లబడినా రెండు చేతులూ వాటంతటవే కలిసిపోయేవి. వెంటనే భద్రాచలం రామయ్యకు మొక్కు. పక్కింటి పిల్ల టెన్త్ పాసవ్వాలని మొక్కేది. ఎవరిదో గేదె ఈనడం కష్టమైతే మొక్కేది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నాకోసం కూడా మొక్కింది. నేను ప్రతి ఆదివారం చర్చికి పోయేవాణ్ణి. "పెద్దమ్మా, నేను యేసయ్య మనిషిని కదా" అంటే, "జ్వరానికి తెలుసా నువ్వెవరి మనిషివో" అంది. తన కోసం మాత్రం ఒక్క మొక్కూ మొక్కుకోలేదు. మొక్కిన ప్రతిదీ తీర్చింది. టేకులపల్లిలో ఉన్నప్పుడు, వాళ్ల పొలం పక్కన సాగు చేసుకునే బద్యా భార్య ద్వాలికి కాన్పు కష్టమైంది. తల్లీబిడ్డా బతికితే నడిచి వస్తానని మొక్కి, ఇద్దరూ బతికాక, టేకులపల్లి నుంచి భద్రాచలం దాకా చెప్పుల్లేకుండా నడిచింది. అప్పటికి వయసులో ఉంది. వెళ్లొచ్చిన మర్నాడే మిరప తోటలో దిగిందట.

వెంకటనారాయణ పెద్దయ్యది పూర్తిగా ఇంకో దారి. ఆయన ఎర్రజెండా మనిషి. గుడి గడప తొక్కినవాడు కాదు. పెళ్లి కూడా దండలు మార్చుకునే చేసుకుంటానని పట్టుబట్టాడట, మామగారు ఒప్పుకోక తాళి కట్టాల్సి వచ్చిందని ముసలితనంలో కూడా మూతి ముడిచేవాడు. భార్య మొక్కుల మాటెత్తితే ఒంటికాలి మీద లేచేవాడు. "ద్వాలిని బతికించింది దవాఖానా నర్సమ్మ. నడిచింది నువ్వు. మధ్యలో పేరు మాత్రం ఆయనకు" అనేవాడు. పెద్దమ్మ నవ్వి ఊరుకునేది. అన్నేళ్ల కాపురంలో ఆ ఇద్దరూ ఒకరినొకరు మార్చుకోలేకపోయారు, ఆ ప్రయత్నం మానుకున్నట్టూ కనిపించేవాళ్లు కాదు.

ఇక మంచు పందెం సంగతి.

మా ఖమ్మంలో మే నెల ఎట్లా ఉంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్యాను వేస్తే వేడి గాలి, ఆపితే ఉక్క. తొంభై నాలుగు మే నెలలో ఒక మధ్యాహ్నం పెద్దమ్మ ఇంట్లో ఏడాది కారానికి మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. వీధిలో ఆడవాళ్లు నలుగురైదుగురు చేరారు. నేను బొమ్మ సరిచేయడానికి వెళ్లి ఛానెళ్లు ఒక్కొక్కటే తిప్పుతుంటే, ఆటల ఛానెల్లో తెల్లగా ఒక కొండ కనిపించింది. కొండ మొత్తం మంచే. "ఆగు, తిప్పకు" అంది పెద్దమ్మ. "సినిమా వస్తోంది పెద్దమ్మా అవతల" అన్నాను. "సినిమాలో చెమటలు పట్టేట్టు ఎగురుతారు. ఇది చల్లగా ఉంది, ఉండనీ" అంది.

అది ఆల్ప్స్ కొండల్లో ఒక ఊళ్లో ఏటా జరిగే పందెం. ఆ ఊరి పేరు నా నోటికి ఎప్పుడూ తిరగలేదు. ఎన్నో దేశాల నుంచి వస్తారు. రెండు కాళ్లూ ఒకే చెక్కకు బిగించుకుని, కొండ మీంచి కిందికి జారతారు. ఇద్దరిద్దరు పక్కపక్కన దిగుతారు. ఒకరి దారిలో ఎర్ర జెండాలు, ఇంకొకరి దారిలో నీలం జెండాలు. ఒక జెండాకు ఇటు నుంచి, తర్వాతి దానికి అటు నుంచి వంకర తిరుగుతూ రావాలి. ముందు కిందికి చేరినవాళ్లు నిలుస్తారు, వెనకబడినవాళ్లు ఇంటికి పోతారు. ఇంతే. ఇంగ్లీషు రానివాళ్లకు కూడా అరనిమిషంలో అర్థమైపోయింది.

"కాళ్లు కట్టేసుకుని ఉరుకుడేందమ్మా" అంది మా మరియ అక్క. మరియ నా పెదనాన్న కూతురు, ఆ వీధిలోనే ఉండేది. చేతిలో తొడిమ చేతిలోనే ఉండిపోయింది.

"మనం మటుకు కాళ్లు కట్టేసుకోకుండానే ఉన్నామా" అంది పెద్దమ్మ, ఇంకో గుప్పెడు కాయలు ఒళ్లో వేసుకుంటూ.

ఆ రోజు ఒక్కొక్కరు ఒక్కొక్క పిల్లను తమదిగా ఎంచుకున్నారు. పేర్లు పలకడం రాదు కాబట్టి వాళ్లే పేర్లు పెట్టుకున్నారు. పచ్చచొక్కా పిల్ల, పొడుగుకాళ్ల పిల్ల, అట్లా. పెద్దమ్మ ఎంచుకున్నది జడపిల్లను. టోపీ కింద నుంచి ఒంటిజడ వెనక్కి ఎగురుతూ ఉండేది. ఆ పిల్ల బాగానే దిగి, చివరి జెండాల దగ్గర కాలు తప్పి పడిపోయింది. అదే పడడాన్ని నెమ్మదిగా మళ్లీ మళ్లీ చూపిస్తుంటే, "ఎన్నిసార్లు పడుతుందిరా ఆ పిల్ల" అని పెద్దమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఒక్కసారే పడింది పెద్దమ్మా, అదే చూపిస్తున్నారు అని చెప్పాను. "పడినదాన్ని పట్టుకుని మళ్లీ మళ్లీ చూపించడం ఏం పద్ధతి" అని ఆ ఛానెల్ వాళ్ల బదులు నన్ను తిట్టింది.

ఆ పిల్ల మాత్రం లేచి, చెక్క విప్పి, చంకలో పెట్టుకుని, ఓడిపోయినా గీత దాకా నడిచి వచ్చింది. ఎవరూ రమ్మనలేదు. ఆ నడకతోనే పెద్దమ్మకు ఆమె సొంత మనిషైపోయింది.

మరుసటి ఏడు మే నెలలో పెద్దమ్మే నాకు కబురు పెట్టింది, "మంచు పందెం ఎప్పుడొస్తది, కనుక్కో" అని. తొడిమలు తీసే పని కూడా ఆ రోజుకే అట్టేపెట్టింది. ఆ ఏడాదీ జడపిల్ల ఆ చివరి జెండాల దగ్గరే పడి ఓడిపోయింది. ఆ సాయంత్రం పెద్దమ్మ అన్నం సరిగా తినలేదట. పెద్దయ్య నాతో, "ఊరు తెల్వదు, పేరు తెల్వదు, దానికోసం పస్తులుంటుంది మీ పెద్దమ్మ. దీనికి నువ్వే కారణం" అన్నాడు. నాకు కోపమొచ్చింది కానీ మాట్లాడలేదు. ఎందుకంటే నాకూ ఆ సాయంత్రం మనసు బాగాలేదు.

ఆ చలికాలంలో పెద్దమ్మకు గుండెల్లో నొప్పి వచ్చింది. దవాఖానాలో పెట్టారు. బతికి బయటపడింది. బరువులు ఎత్తొద్దు, మెట్లు ఎక్కొద్దు, ఎక్కువ నడవొద్దు అని డాక్టరు చెప్పాడు. అప్పటి నుంచి నీళ్ల బిందె పెద్దయ్యే మోసేవాడు. కాఫీ పెట్టడం కూడా నేర్చుకున్నాడు. ఆ కాఫీ నాకూ ఇచ్చాడు, తాగలేకపోయాను.

తొంభై ఆరు మే. మళ్లీ పందెం వచ్చింది. జడపిల్ల ఒకరి తర్వాత ఒకరిని దాటుకుంటూ పోయింది. చివరికి ఇద్దరే మిగిలారు, జడపిల్ల, పొడుగుకాళ్ల పిల్ల. ఆఖరి పందేనికి ముందు ప్రకటనలు వేశారు. నేను అప్పుడు అక్కడ లేను, మా కంట్రోల్ రూంలో ఉన్నాను. మరియక్క చెప్పింది. సబ్బు ప్రకటన వస్తుండగా పెద్దమ్మ కారం చేతులు కొంగుకు తుడుచుకుని, రెండూ జోడించి, పైకే అందట, "రామయ్యా, ఈ పిల్ల ఈసారన్నా గెలిస్తే, ఇక్కడి నుంచి నీ దగ్గరికి నడిచి వస్తా" అని. వరండాలో పేపరు చదువుతున్న పెద్దయ్యకు ఆ మాట వినిపించింది. పేపరు కింద పెట్టేశాడట.

ప్రకటనలు అయ్యాయి. ఇద్దరు పిల్లలూ పైన నిలబడ్డారు. కరెంటు పోయింది.

కాలనీ మొత్తం పోయింది. నా గదిలో మాత్రం చిన్న జనరేటర్ ఉండేది. దాని తాడు లాగి, నా చిన్న టీవీలో నేను ఒక్కణ్ణే చూశాను. జడపిల్ల గెలిచింది. ఒక్క పిసరు ముందు గీత దాటింది. నాకు ఎగరాలనిపించింది. జనరేటర్ అట్లాగే వదిలేసి పెద్దమ్మకు చెప్పాలని పరుగెత్తాను.

గేటు దగ్గర పెద్దయ్య నిలబడి ఉన్నాడు.

"ఏమైందిరా?"

"గెలిచింది పెద్దయ్యా. జడపిల్ల గెలిచింది."

ఆయన మొహం పాలిపోయింది. గేటు గడియ లోపలి నుంచి పెట్టాడు. "నువ్ పో. నేను చెప్తా" అన్నాడు. నేను గోడ అవతలే నిలబడ్డాను. లోపల ఆయన గొంతు స్పష్టంగా వినిపించింది. "ఓడిపోయిందంట. ఆదాము వచ్చి చెప్పిపోయిండు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అబద్ధం ఆయన ఆడితే ఆడుకోవచ్చు, మధ్యలో నా పేరెందుకు? పెద్దమ్మ, "పోనీలే, బిడ్డ అలిసిపోయుంటది. వచ్చే ఏడు పోనూ రానూ నడుస్తానని మొక్కుతా, అప్పుడెట్లా గెలవదో చూస్తా" అంది.

మర్నాడు పెద్దయ్య నా గదికి వచ్చాడు. ఎప్పుడూ రానివాడు. అడుగుదామనుకున్న మాటలన్నీ నా నోటి దాకా వచ్చాయి. ఆయన నన్ను అడగనివ్వలేదు. స్టూలు మీద కూర్చుని, తువ్వాలుతో మొహం తుడుచుకుని అన్నాడు.

"డాక్టర్ ఏమన్నడో నీకు తెలుసు. భద్రాచలం దాకా నడిస్తే అది ఇంటికి రాదు. మొక్కిందంటే ఆపడం నాతో కాదు, ఇన్నేళ్లల్ల ఎన్నడన్న ఆపిన్నా? నీకు యేసు ఉన్నడు, దానికి రాముడున్నడు. నాకు అదొక్కతే ఉంది ఆదామూ."

ఆ మాటకు నా కోపం సగం దిగిపోయింది. సరే పెద్దయ్యా, నేను నోరు మెదపను అన్నాను. అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు. ఆదివారం పొద్దున అదే పందెం మళ్లీ వేస్తారని పేపర్లో ఉందట. ఆ పూటకు ఆ ఛానెల్ ఆపేయమన్నాడు. "పెద్దయ్యా, దాని వెనకే క్రికెట్ ఉంది. ఆపితే నా నిచ్చెన విరిచి నా నెత్తినే కొడ్తరు. నాతో కాదు" అన్నాను. ఆయన లేచి వెళ్లిపోయాడు.

ఆదివారం నేను చర్చి నుంచి వస్తుంటే మరియక్క ఎదురొచ్చింది. పెద్దమ్మ ఇంట్లో టీవీ రావడం లేదట, జల్దీ రమ్మందట. తెల్ల చొక్కాలోనే నిచ్చెన వేసుకుని వెళ్లాను. గోడ పక్కన వైరు తెగి వేలాడుతోంది. ఎలుక కొరికితే అట్లా ఉండదు. కొడవలితో ఒక్క దెబ్బకు కోశారు. వరండాలో పెద్దయ్య పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పేపరు నిన్నటిది.

నిచ్చెన మీద నిలబడి కాసేపు ఆలోచించాను. అతికిస్తే ఆమె చూస్తుంది, చూస్తే నడుస్తుంది. ఆయన మాట నిజమే. కానీ ఆ పిల్ల మూడేళ్లు పడిలేచి గెలిచింది. ఆ గెలుపు చూడాలని మూడేళ్లుగా ఎదురుచూసిన మనిషి లోపల ఖాళీ టీవీ ముందు కూర్చుని ఉంది. పైగా నా వైరు కోస్తే నేను ఊరుకుంటానా? అతికించేశాను.

లోపల బొమ్మ వచ్చింది. సరిగ్గా ఇద్దరు పిల్లలూ పైన నిలబడి ఉన్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. పెద్దయ్య కూడా లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు. జడపిల్ల దిగింది. ఎర్ర జెండాలు ఒక్కొక్కటే దాటింది. చివరి జెండాల దగ్గర, ఏటా పడే చోట, పడలేదు. గీత దాటాక టోపీ తీసి మంచులో కూలబడి ఏడ్చింది.

పెద్దమ్మ కూడా ఏడ్చింది. ఏడుస్తూనే వెనక్కి తిరిగి భర్తను చూసింది. "ఓడిపోయిందన్నావే" అంది. కోపంగా కూడా అనలేదు.

పెద్దయ్యకు ఆమె కళ్లలోకి చూడడానికి మొహం చెల్లలేదు. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి, నడకలో తినడానికి అటుకుల డబ్బా దింపింది. ఆయనకు అర్థమైపోయింది. నా మోచెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లి, "చెప్పు, దీనికి చెప్పు. ఈ పందెం ఎప్పుడు జరిగిందో చెప్పు" అన్నాడు.

నిజం చెప్పక తప్పలేదు. "పెద్దమ్మా, ఇది ఇప్పుడు జరిగేది కాదు. జనవరిలో అయిపోయింది. మనకు తెచ్చి మేలో చూపిస్తరు."

"అంటే నేను మొక్కేటప్పటికే గెలిచేసిందా?"

"అవ్ పెద్దమ్మా."

"విన్నవా" అన్నాడు పెద్దయ్య. "అయిపోయినదానికి మొక్కినవ్. చెల్లదు."

పెద్దమ్మ అటుకుల డబ్బా ఒళ్లో పెట్టుకుని పీట మీద కూర్చుండిపోయింది. ఆ రాత్రి పెద్దయ్య ఎంతో కాలానికి హాయిగా పడుకున్నాడట. మర్నాడు పొద్దున నేను కేబుల్ కిరాయి వసూలుకు వెళ్లేసరికి ఆమె స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, బియ్యం చెరుగుతోంది.

"కూర్చో ఆదామూ. మీ పెద్దయ్య కూడా వినాలి, పిలువు" అంది. ఆయన వచ్చాక అడిగింది, "రోజూ అన్నం వండేటప్పుడు మనిద్దరికీ సరిపడా వేసి, పైన ఒక గుప్పెడు ఎందుకేస్తాను?"

"ఎవరన్నా వస్తరని" అన్నాడు ఆయన.

"ఎవరొస్తారో వేసేటప్పుడు తెలుసా?"

"తెల్వదు."

"మధ్యాహ్నం ఆదాము వస్తాడు. తింటాడు. ఆ గుప్పెడు వాడికోసం వేసినట్టా కాదా?"

ఆ గుప్పెడు చాలాసార్లు తిన్నది నేనే.

"ఎవరొస్తారో తెలియకుండానే నేను గుప్పెడు వేస్తున్నా. ఆయనకు అన్నీ తెలుసు. మేలో ఒక పిచ్చిది చేతులు జోడిస్తదని జనవరిలో ఆయనకు తెలియదా? నా మొక్కు కోసమే ముందే వేసి పెట్టాడు. నేను నడవాలి" అంది.

ఆ వాదన చర్చిలో మా పాస్టరు చెప్పినా నేను ఒప్పుకునేవాణ్ణి. పెద్దయ్య ఒప్పుకోలేదు కానీ, తిప్పికొట్టడమూ ఆయన వల్ల కాలేదు. రాజకీయాల్లో పెద్ద పెద్దవాళ్లతో వాదించిన మనిషి ఆ గుప్పెడు బియ్యం ముందు నోరెళ్లబెట్టాడు. చివరికి ఒక్క మాట అడిగాడు, "వానలు పడినాక పోదాం. ఈ ఎండల వద్దు." "పో" అనకుండా "పోదాం" అన్నాడని అందరికంటే ముందు పెద్దమ్మే గమనించింది.

మృగశిర వెళ్లి నేల చల్లబడ్డాక బయల్దేరారు. పెద్దమ్మ చెప్పుల్లేకుండా ముందు, పెద్దయ్య సైకిల్ నడిపించుకుంటూ వెనక. సైకిల్ కు నీళ్ల క్యాను, మందులు, గొడుగు, చుట్టచుట్టిన చాప. పార్టీ ఆఫీసులో మాత్రం టేకులపల్లిలో పాత పొలం చూడ్డానికి పోతున్నానని చెప్పాడట. ఇల్లందు దారి పట్టారు. కాసేపు నడవడం, చెట్టు కింద కూర్చోవడం, మళ్లీ నడవడం. ఎవరింటి ముందో ఒకరింటి ముందు రాత్రికి చాప పరుచుకోవడం. ఇల్లందు దాకా బాగానే నడిచిందని నాకు ఫోన్ చేసి చెప్పాడు. మర్నాడు సాయంత్రం టేకులపల్లి నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. "ఆదామూ, ఒకసారి రా" అన్నాడు, అంతే. నిచ్చెన మరియక్క ఇంట్లో పడేసి బస్సెక్కాను.

బద్యా ఇంటి ముందు నులక మంచం మీద పెద్దమ్మ కూర్చుని ఉంది. మోకాళ్లు కుండల్లా వాచాయి. ఊపిరి బరువుగా తీస్తోంది. ద్వాలి పక్కన కూర్చుని వేడినీళ్ల గుడ్డతో కాపడం పెడుతోంది. నన్ను చూడగానే పెద్దమ్మ ఏడ్చేసింది. గుండెనొప్పి వచ్చినప్పుడు కూడా ఏడవని మనిషి.

"ఆ పిల్ల పడితే లేచి గీత దాకా వచ్చిందిరా. నేను లేవలేకపోతున్నా" అంది.

బద్యా అన్నాడు, "అమ్మా, మొగుడు నడిస్తె పెండ్లాం నడిచినట్టే. మా తండాల గట్లనే లెక్క. మొక్కు ఇంటిది కద, ఒక్కరిదా?"

"మా ఊళ్లోనూ అంతే. కానీ ఈయన నడవడు. ఈయనకు నమ్మకం లేదు" అంది పెద్దమ్మ.

"నడిచేది కాళ్లు కదమ్మా" అన్నాడు బద్యా.

పెద్దయ్య అక్కడే ఉన్నాడు, సైకిల్ చక్రానికి అంటిన బురద పుల్లతో గీకుతున్నాడు. తలెత్తలేదు. ఆ బురద ఎంతసేపు గీకాడో, చక్రం కొత్తదానిలా అయింది.

పొద్దున నేను లేచేసరికి ఆయన పంచె పైకి కట్టి, తలకు తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉన్నాడు. "దీన్ని బస్సెక్కించి తీసుకపో. గోదావరి బ్రిడ్జి కాడ కూర్చోండి. డాక్టరుకు చూపెట్టడం మర్చిపోకు" అని నాతో చెప్పి, భార్య వైపు తిరిగాడు. "చెప్పులేసుకోవచ్చా?"

పెద్దమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చాలాసేపు ఆయన్నే చూసింది.

"వేసుకోకూడదు" అంది మెల్లగా.

ఆయన చెప్పులు విప్పి, సైకిల్ సంచిలో పెట్టి, సైకిల్ బద్యాకు అప్పగించి, రోడ్డెక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు. బద్యా గొడుగు పట్టుకుని వెనకే పరుగెత్తాడు. పెద్దయ్య అది తీసుకున్నాడు.

పెద్దమ్మను భద్రాచలంలో డాక్టరుకు చూపించి, సత్రంలో దింపాను. మందులు పడ్డాక ఊపిరి కుదుటపడింది. రోజూ పొద్దున రిక్షాలో బ్రిడ్జి దగ్గరికి పోయి, కొబ్బరికాయల బడ్డీ పక్కన స్టూలు వేయించుకుని కూర్చునేది. ఎవరు అవతలి ఒడ్డు నుంచి వస్తున్నా చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేది. చివరికి ఒక మధ్యాహ్నం గొడుగు కనిపించింది. దాని కింద పెద్దయ్య. పాదాలకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి, తువ్వాలును చింపి కట్టుకున్నాడు. పెద్దమ్మ స్టూలు మీంచి లేచి ఎదురెళ్లబోయింది. "కూర్చో, కూర్చో" అని దూరం నుంచే కసిరాడు.

ఘాట్ దగ్గర పాదాలు గోదావరిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. ఆ పాదాలు చూసి కొంగు నోట్లో కుక్కుకుంది.

"నువ్ పోయి దండం పెట్టుకో. నాతో అయ్యేది నడక. దండం నాతో కాదు" అన్నాడు.

"మొక్కింది నడకే" అంది ఆమె. ఒక్కతే మెల్లగా గుడికి వెళ్లి వచ్చింది. ఆయన లోపలికి రాలేదు. తర్వాత పార్టీలో ఎవరో, కామ్రేడ్ భద్రాచలం పాదయాత్ర చేసిండంట కదా అని ఎకసెక్కం చేస్తే, "పాదయాత్రలు మన పార్టీ చెయ్యదా" అని వాళ్ల నోరు మూయించాడు.

తొంభై ఏడు మే నెల వచ్చింది. పెద్దమ్మ అదే చోట, ఒళ్లో మిరపకాయలు. మరియక్క, ఇంకో నలుగురు. నేను బొమ్మ సరిచేసే నెపంతో వెళ్లి అక్కడే కూర్చుండిపోయాను. పందెం మొదలవగానే పెద్దయ్య వరండాలోంచి తన కుర్చీ ఈడ్చుకొచ్చి పెద్దమ్మ పక్కనే వేసుకున్నాడు. ఇన్నేళ్లలో ఆయన టీవీ ముందు కూర్చోవడం నేను చూడలేదు.

"మన పిల్ల ఏ జెండాల దిక్కు?" అని అడిగాడు.

"నీలం" అంది పెద్దమ్మ.

జడపిల్ల ఆ ఏడూ చివరి పందెం దాకా వచ్చింది. ప్రకటనలు వేశారు. తొడిమలు తీసే చేతులన్నీ ఆగాయి. పెద్దమ్మ కారం చేతులు కొంగుకు తుడుచుకుంది. పోనూ రానూ అని ఆమె పోయిన ఏడు అన్న మాట నాకు గుర్తొచ్చింది. ఆమె చేతులు మెల్లగా ఒకదాని వైపు ఒకటి కదిలాయి.

అవి కలవకముందే పెద్దయ్య కుర్చీలోంచి ముందుకు వంగి ఆ రెండు చేతులనూ తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఒకటి ఇటు, ఒకటి అటు, కలవనీయకుండా పట్టుకున్నాడు.

"వదులు. అందరూ చూస్తున్నారు" అంది ఆమె.

"చూడనీ. అయిపోయినాక వదుల్త."

నలుగురిలో భార్య వేలైనా తాకని మనిషి. మరియక్క తల దించుకుని మిరపకాయల్లో ఏదో వెతికింది. నాకు కళ్లు మండాయి, కారం వల్ల కాదు. టీవీలో జడపిల్ల దిగింది, బాగా దిగింది, పడలేదు, కానీ ఒక్క పిసరు వెనకబడి రెండోది అయింది. చెక్క చంకలో పెట్టుకుని నవ్వుతూ నడిచి వచ్చింది.

"అయిపోయింది, ఇక వదులు" అంది పెద్దమ్మ.

"ఇంకా బహుమతులిస్తున్నరు కదా" అన్నాడు పెద్దయ్య.

బహుమతులు పంచడం అయిపోయి, సబ్బు ప్రకటన మళ్లీ వచ్చేదాకా ఆయన ఆ చేతులు వదల్లేదు.